శాలిబండలో నాలుగు వేసవి రోజులు

హైదరాబాద్ పాతనగరాన్ని చూడదలచినవారు సాధారణంగా చలికాలాన్ని ఎంచుకుంటారు. రంజాన్ రాత్రుల సందడి కోసం వచ్చేవారు మరికొందరు. నడివేసవిలో, మే నెల ఎండలో చార్మినార్ చుట్టుపక్కల కాలినడకన తిరగమంటే ఎవరైనా సందేహిస్తారు. అయితే పాతనగరం తన ఇంటివారితో ఎలా ఉంటుందో తెలియాలంటే వేసవిలోనే రావాలి. ఈ కాలంలో దినం రెండు భాగాలవుతుంది. ఫజ్ర్ తరువాత మూడు నాలుగు గంటలు ఒక భాగం, అస్ర్ తరువాత రాత్రి వరకు మరొక భాగం. నడుమ ఉన్న మధ్యాహ్నమంతా నీడకూ, నిద్రకూ, చల్లని పానీయాలకూ చెందుతుంది.

ఈ ఏడు మేమూ, మా అక్క కూతురూ కలిసి కర్నూలులో రైలెక్కి కాచిగూడలో దిగాము. శాలిబండ మా అమ్మ పుట్టిల్లు. మేనమామ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉన్నది. మా వెంట ఒక బుట్ట బంగినపల్లి మామిడిపళ్లు, మా నాన్నగారి పాత చేతిగడియారం ఉన్నాయి. పళ్లు బంధువుల కోసం. గడియారం బాగుచేయించడం కోసం.

మా అమ్మాయికి 22 ఏళ్లు. పాత వస్తువులంటే ఆమెకు ప్రాణం. అమ్మమ్మ వాడిన పాన్‌దాన్, కీ ఇస్తే నడిచే గడియారాలు, సిరా నింపి రాసే కలాలు, అట్టలు ఊడిన పాత పత్రికలు ఆమె గదినిండా ఉంటాయి. స్నేహితురాళ్లు ఫోనులో సందేశాలు పంపుకొంటుంటే ఆమె అర్ధరూపాయి పోస్టుకార్డు మీద ఉత్తరం రాస్తుంది. ఇంట్లోవారు ఆ గదిని కబాడీ దుకాణమని ఆటపట్టిస్తారు. ఆ మాటకు ఆమె కూడా నవ్వుతుంది. ఆమెను నొప్పించినది వేరొకటి ఉన్నది. ఏడాదిలో రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. రెండుసార్లూ వినిపించిన మాట ఒకటే: "అమ్మాయి మంచిదే గానీ, రంగు తక్కువ." అప్పటినుండి ఆమె ఫొటోలలో అందరి వెనుక నిలబడడం మొదలుపెట్టింది. ఎండలోకి రావడం మానేసింది. ఎవరో ఇచ్చిన తెల్లబరిచే క్రీము డబ్బా ఆమె బల్లమీద, పాత గడియారాల పక్కన చేరింది.

నల్లవానిపై తెల్లవానికి గానీ, తెల్లవానిపై నల్లవానికి గానీ ఆధిక్యం లేదన్న బోధనను అంతిమ హజ్ ప్రసంగం ద్వారా అందుకున్న సమాజం మనది. అయినా పెళ్లిచూపుల గదిలో కూర్చున్నప్పుడు ఆ బోధన ఎందరికి గుర్తుంటున్నది?

మొదటి ఉదయం ఫజ్ర్ కాగానే బయలుదేరాము. గుమ్మం దాటుతుండగా ముమానీ ఆపారు. "బేటీ, ఎండలో తిరిగితే ఇంకా నల్లబడతావు. ముఖం బాగా కప్పుకో" అన్నారు. ఆమె మాటలో ప్రేమే ఉన్నది, సందేహం లేదు. మా అమ్మాయి మాత్రం బదులు పలకక దుపట్టా ముందుకు లాక్కున్నది.

శాలిబండ నుండి ఉత్తరంగా నడిస్తే మక్కా మసీదు, దానిని దాటితే చార్మినార్. ఆ వేళ దుకాణాలు ఇంకా తెరవరు. పావురాలు, పాలక్యాన్ల మోత, ఇరానీ హోటళ్ల ముందు తొలి చాయ్ ఆవిరి తప్ప వేరే సందడి ఉండదు. చార్మినార్ కట్టినది 1591లో. దాని నాలుగు వైపులా కనిపించే గడియారాలను అమర్చినది 1889లో. ఈ రెండింటి నడుమ దాదాపు మూడు శతాబ్దాల దూరం ఉన్నదని చూసేవారికి తోచదు. అక్కడి నుండి పడమరగా లాడ్ బజార్ గుండా వెళితే మహబూబ్ చౌక్ గడియార స్తంభం వస్తుంది. దానిని 1892లో ఆస్మాన్ జా కట్టించారు. గడియారాలంటే ఇష్టమున్నవారికి ఈ కొద్దిపాటి నడక ఒక పండుగ. మా అమ్మాయి ఒక్కొక్కదాని కింద ఆగి, నాన్నగారి గడియారాన్ని సంచిలోంచి తీసి చూసుకొన్నది. అది ఎప్పుడో తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయింది.

అది చేతితో కీ ఇచ్చే హెచ్‌.ఎం.టి. గడియారం. 1961లో జపాను సంస్థ సిటిజన్ సహకారంతో బెంగుళూరులో మొదలైన ఆ తయారీ ఇప్పుడు మునుపటిలా లేదు. అందుచేత మరమ్మతు చేసేవారు దొరకడం కష్టమేమోనని అనుకున్నాము. పాతనగరంలో ఆ కష్టం కలగలేదు. ఒక సందులో, మనిషి కూర్చుంటే నిండిపోయే దుకాణంలో ఒక వృద్ధుడు కంటికి భూతద్దం తగిలించుకొని మూత తెరిచారు. కాసేపు చూసి, "దీనికి ఏ లోపమూ లేదమ్మా. నూనె ఎండిపోయింది, దుమ్ము చేరింది. శుభ్రం చేస్తే నడుస్తుంది" అన్నారు. డయలు పసుపుబారింది గదా, కొత్తది వేయమంటారా అని మేము అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "ఇది దీని సొంత ముఖం. మారిస్తే మీ నాన్నగారి గడియారం కాదు" అంటూ కాగితంలో చుట్టి, రెండు రోజుల తరువాత రమ్మన్నారు.

మరునాడు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాము. మూసీ ఒడ్డున ఉన్న ఈ భవనంలోకి మ్యూజియం 1968లో వచ్చింది. అంతకుముందు, 1951 నుండి, సాలార్‌జంగ్ కుటుంబ నివాసమైన దీవాన్ దేవిడీలో ఉండేది. వేసవిలో ఇక్కడికి ఉదయం తెరవగానే వెళ్లడం మేలు. శుక్రవారం సెలవు. పన్నెండు గంటలకు అందరూ పెద్ద గడియారం ముందు గుమిగూడుతారు. అందులో ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి కొడుతూ ఉంటుంది. గంట పూర్తికాగానే గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తెరుచుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి పోతుంది. పల్లెల నుండి వచ్చిన పెద్దలూ, పిల్లలూ ఒకే ఉత్సాహంతో లెక్కపెడతారు. మా అమ్మాయి కూడా బిగ్గరగా లెక్కపెట్టింది. చాలా రోజుల తరువాత ఆమె గొంతు అలా వినిపించింది.

ఆమెను ఎక్కువసేపు నిలిపినది మాత్రం బిద్రీ సామాను. హుక్కా కుండలు, పాన్‌దాన్లు, సురాహీలు, తట్టలు వరుసగా ఉన్నాయి. ఈ కళ పేరు బీదర్ నుండి వచ్చింది. 1956 వరకు బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోని ఊరే. జింకులో కొద్దిగా రాగి కలిపి పాత్రను పోతపోస్తారు. ఉలితో లతలు, పువ్వులు చెక్కి ఆ గాళ్లలో వెండి తీగను, రేకును సుత్తితో కూరుస్తారు. అప్పటికి పాత్ర బూడిద రంగులోనే ఉంటుంది. వెండి ఎక్కడున్నదో సరిగా కనబడదు. చివరకు పాత్రను వేడిచేసి, బీదర్ కోట మట్టిలో నవసారం కలిపిన ముద్దతో రుద్దుతారు. లోహం గాఢమైన నలుపుకు మారుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. ఆ నలుపు వచ్చిన తరువాతనే పనితనం బయటపడుతుంది.

ఇంట్లో ఉన్న అమ్మమ్మ పాన్‌దాన్ కూడా బిద్రీదే. అయితే దానిని ఇలా చేస్తారని ఆమెకు అంతవరకు తెలియదు. చాలాసేపు అద్దాల పెట్టె ముందు నిలబడి, "ఖాలా, దీన్ని నల్లగా చేయడానికి ఇంత కష్టపడతారా!" అన్నది. మేము ఔనన్నాము. మరే ఉపదేశమూ జోడించలేదు. పోలిక ఆమెకే తట్టిందని ముఖం చూస్తే తెలుస్తున్నది.

మధ్యాహ్నాల సంగతి చెప్పకపోతే వేసవి ప్రయాణం పూర్తికాదు. మామూ ఇంట్లో కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లుతారు. గాలి వీచినప్పుడల్లా గది నిండా తడిమట్టి వంటి పరిమళం. మట్టికుండలో నీళ్లు, రూహ్ అఫ్జా కలిపిన పాలు, నీళ్లలో నానవేసిన మామిడిపళ్లు, తాటిముంజలు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన రోజున వీటికి మించిన విందు ఉండదు. మా అమ్మాయి నేలమీద చాప పరచుకొని స్నేహితురాళ్లకు పోస్టుకార్డులు రాసేది. సాయంత్రం అత్తరు దుకాణానికి వెళ్లి మిట్టీ అత్తరు తెచ్చుకొన్నది. కాల్చిన మట్టిని నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టే పాత పద్ధతి అది. తొలకరి వాసనను చిన్న సీసాలో దాచడమంటే అదే. ఖస్, మిట్టీ వేసవివి, ఊద్, షమామా చలికాలానివి అని దుకాణదారు ఓపికగా వివరించారు.

మూడవనాడు చౌమహల్లా ప్యాలెస్ చూశాము. ఇక్కడ కూడా శుక్రవారం సెలవు. ద్వారం మీది ఖిల్వత్ గడియారానికి ఇప్పటికీ కీ ఇచ్చి నడుపుతున్నారు. లోపల దర్బారు మందిరం, పాత దుస్తుల ప్రదర్శన, ఒక పక్కన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు ఉన్నాయి. దుస్తులలో ఖడా దుపట్టా దగ్గర మా అమ్మాయి ఆగింది. ఆరు గజాల ఆ దుపట్టాను మడతలు పెట్టి భుజాల మీదుగా ఎలా నిలబెడతారో గమనించింది. మా అమ్మ పెళ్లినాటి ఖడా దుపట్టా మా పెట్టెలో ఉన్నది. "అది నాకు ఇస్తారా ఖాలా?" అని అడిగింది. ఇస్తామన్నాము.

అక్కడి నుండి లాడ్ బజార్‌కు నడిచాము. లక్క గాజుల తయారీని దుకాణం వెనుకనే చూడవచ్చు. బొగ్గుల సెగమీద లక్కను మెత్తబరిచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, లోహపు వలయానికి చుట్టి, ఇంకా వేడిగా ఉండగానే అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గాజులమ్మే ఆమె మా అమ్మాయి చేయి పట్టుకొని, "ఈ చేతికి లేత రంగులు నిలుస్తాయి, ముదురువి వద్దు" అన్నది. మా అమ్మాయి ముదురాకుపచ్చ జత తీసి తొడుక్కొని చేయి వెలుతురులోకి చాచింది. "నాకు ఇవే నచ్చాయి" అన్నది. వాదించలేదు, సంజాయిషీ చెప్పలేదు. గాజులామె కూడా ఒకసారి తేరిపార చూసి, "నిజమే, బాగున్నాయి" అని ఒప్పుకొన్నది.

ఆ రాత్రి డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకొన్నాము. మల్లెపూల వాసన, దూరాన మోటారు బండ్ల శబ్దం. మేనమామ మనుమరాలు ఫోను తెచ్చి అందరినీ ఫొటో తీస్తానన్నది. ఆ ఫోనులో ముఖాలను తెల్లగా చూపే ఏర్పాటు ఉన్నది. "అది తీసెయ్" అన్నది మా అమ్మాయి. అని, వచ్చి ముందు వరుసలో, ముమానీ పక్కన కూర్చున్నది. ముమానీ ఆమె తల నిమిరి గాజులు చూపించమన్నారు. పొద్దున గుమ్మంలో చెప్పే మాటను ఆవిడ మరునాడు చెప్పలేదు.

ఆడపిల్ల తన రంగునూ, తన ఇష్టాలనూ తనవిగా ఒప్పుకోవడానికి పెద్ద ఉపన్యాసాలు అవసరం లేదని మాకు అక్కడ తోచింది. ఆమె ఇష్టపడేదానిని ఎగతాళి చేయక, నాలుగు రోజులు వెంట నడిస్తే చాలు. మీ ఇంట్లోనూ అటువంటి అమ్మాయి ఉంటే ఈ సెలవుల్లో ఆమె చూడగోరిన చోటికే తీసుకువెళ్లండి. గొడుగు, నీళ్ల సీసా మరువకండి. మధ్యాహ్నం మాత్రం తిరగకండి.

నాలుగవనాడు గడియారం తెచ్చుకొని రైలెక్కాము. మరో సంబంధం వారు వచ్చే నెల చూడడానికి వస్తామన్నారు. మా అమ్మాయి అమ్మమ్మ దుపట్టాను ఎండబెట్టి, మడతలు సరిచేసి ఉంచుకొన్నది. క్రీము డబ్బా ఆ బల్లమీద ఇప్పుడు లేదు. రోజూ ఫజ్ర్ తరువాత గడియారానికి కీ ఇస్తున్నది. దినానికి రెండు మూడు నిమిషాలు వెనుకబడుతుందట. సరిచేసుకొని పెట్టుకొంటున్నది.