ఒక % గుర్తు, 11 వారాలు

"బ్యాకప్ ఉంది కదన్నా?" అని అడిగాడు మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు. డిలీట్ క్వెరీలో వేర్ క్లాజు రాయడం మర్చిపోయాడు పాపం, టేబుల్ మొత్తం ఖాళీ. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఉందిలేరా, రోజూ రాత్రి 2 గంటలకి క్రాన్ తీస్తుంది, కంగారు పడకు" అన్నాను ధీమాగా. తీరా సర్వర్లో చూస్తే బ్యాకప్ ఫోల్డర్లో ఒకే ఒక్క ఫైలు, అదీ 11 వారాల కిందటిది. క్రాన్ తీసింది కూడా కాదు. కమాండు పనిచేస్తుందో లేదోనని ఆ రోజు టెర్మినల్లో నా చేత్తో నేనే కొట్టి చూసుకున్నది!

కమాండులో తప్పేం లేదు. ఫైలు పేరు చివర ఆ రోజు తేదీ వచ్చేలా డేట్ కమాండు పెట్టాను, అందులో % గుర్తు ఉంటుంది కదా. టెర్మినల్లో దానితో ఏ పేచీ లేదు. కానీ క్రాన్‌ట్యాబ్‌లో % అంటే కొత్త లైను అని అర్థమట. మొదటి % దగ్గరే కమాండు తెగిపోతుంది, మిగిలిందంతా దానికి ఇన్‌పుట్‌గా వెళ్తుంది. ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి ఉంటే సరిపోయేది. మాన్యువల్ పేజీలో ఈ ముక్క శుభ్రంగా రాసే ఉంది. ఎవడు చదివాడు? ఆ ఐదు నక్షత్రాలు ఎలా నింపాలో తెలిస్తే క్రాన్ వచ్చేసినట్టే అనుకుంటాం. సగానికి తెగిన ఆ కమాండుని షెల్లు రోజూ రాత్రి ఠంచనుగా తిప్పికొట్టింది.

క్రాన్ చెప్పలేదా అంటే, చెప్పింది. జాబు ఏ ఎర్రర్ కక్కినా దాన్ని ఆ యూజరుకి మెయిల్ చేయడం దాని అలవాటు. అందరూ ఒకే మెషీన్లో లాగినయ్యే రోజుల్లో అది బాగానే ఉండేదేమో. మా డెబియన్ సర్వర్లో అసలు మెయిల్ పంపే ప్రోగ్రామే లేదు. అందుకని "ఎంటీఏ లేదు, అవుట్‌పుట్ పారేస్తున్నా" అని సిస్టమ్ లాగులో రోజుకో లైను రాసి ఊరుకుంది.

ఆ పాత ఫైలు ఎక్కించి, మిగతాది కస్టమర్ దగ్గరున్న ఎక్సెల్ షీట్లు చూసి కొట్టడానికి ఇద్దరికి నాలుగు రోజులు పట్టింది. మీటింగులో వాడు లేచి "తప్పు నాదే" అన్నాడు. డిలీట్ కొట్టింది వాడే, నిజమే. కానీ అరగంటలో సర్దుకోవాల్సిన దాన్ని నాలుగు రోజులు చేసింది నేను. ఆ మాట మేనేజరుకి చెప్పడానికి నాకు సాయంత్రం దాకా నోరు రాలేదు.

ఇప్పుడు ఆ పనిని సిస్టమ్‌డి టైమర్లోకి మార్చాను. 2010లో వచ్చిన దగ్గర్నించీ దాన్ని తిట్టని వాడు లేడు, నేనూ ఆ బాపతే. కానీ జాబు ఆఖరిసారి ఎప్పుడు మొదలైందో, మళ్ళీ ఎప్పుడో ఒక్క కమాండుతో చూపిస్తుంది. ఆ టైముకి మెషీన్ ఆగి ఉంటే, పర్సిస్టెంట్ అని పెడితే లేచాక నడుపుతుంది. ఫెయిలైతే ఇంకో సర్వీసుని లేపమని చెప్పొచ్చు, మాకు చాట్‌లో మెసేజ్ వచ్చేది దానివల్లే. అన్నట్టు సర్వీసు ఫైల్లో కూడా % కి వేరే అర్థం ఉంది, అక్కడ రెండుసార్లు రాయాలి! కమాండుని విడిగా ఒక స్క్రిప్టులో పెట్టి రెండు గోలలూ వదిలించుకున్నా.

అయినా టైమర్ చెప్పేది జాబు నడిచిందనే. ఆ ఫైల్లో డేటా ఉందో లేదో దానికేం తెలుసు? అందుకని ప్రతి సోమవారం ఆ ఫైలుని టెస్ట్ మెషీన్లో రీస్టోర్ చేసి రికార్డులు లెక్కపెడతాం. ఆ పని ఆ కుర్రాడే అడిగి మరీ తీసుకున్నాడు. మొన్న సోమవారం నేను ఆఫీసుకి చేరేలోపే నంబరు పంపాడు.