నెలకో బుధవారం
(బళ్ళారి డైరీ పుటలు)

2016 ఏప్రిల్ 13, బుధవారం

పొద్దున తొమ్మిదికి కొట్టు తీశాను. పదకొండు దాటినా పేజ్‌మేకర్ కదలడం లేదు. మీట నొక్కిన చాలాసేపటికి గాని అక్షరం తెర మీదికి రావడం లేదు. హాలహర్వి నుంచి పెండ్లి పత్రిక ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చిన పెద్దాయన బెంచీ మీద కూర్చుని తువ్వాలతో విసురుకుంటున్నాడు. "సాయంత్రం బస్సు లోపల అయితాదా అప్పా?" అని అడిగాడు. అవుతుందని మాటిచ్చి, ఆయనకు మజ్జిగ తెప్పించాను.

టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ఎస్‌వీసీహోస్ట్ అనేది ప్రాసెసర్లో సగం లాక్కుంటోంది. అంటే ఉన్న రెండు కోర్లలో ఒకటి పూర్తిగా దానికే పోతోంది. 2 జీబీ ర్యామ్‌లో ఒక జీబీకి పైగా దాని చేతిలోనే ఉంది. రైట్ క్లిక్ చేసి, ఆ పేరు చాటున నడుస్తున్న సర్వీసులేవో చూస్తే విండోస్ అప్‌డేట్ కనిపించింది.

నిన్న ఈ నెలలో రెండో మంగళవారం. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ తన భద్రతా అప్‌డేట్లను నెలనెలా ఆ రోజున విడుదల చేస్తోంది. అమెరికా పడమటి తీరంలో పొద్దున పదైతే ఈ కాలంలో మనకు రాత్రి పదిన్నర. అందుకే బళ్ళారి కొట్లలో దాని బరువు తెలిసేది బుధవారం పొద్దున. సర్వీసును తాత్కాలికంగా ఆపి, ప్రూఫ్ తీసి, పెద్దాయనను బస్సెక్కించాను.

2016 ఏప్రిల్ 17, ఆదివారం

కౌల్ బజార్‌లో జీన్స్ కుట్టించే షెడ్డులో లెక్కలు రాసే తమ్ముడు వచ్చాడు. వాళ్ళ కంప్యూటర్ కూడా విండోస్ 7. అక్కడా ఇదే కథ. "అప్‌డేట్ ఆఫ్ చేసి పారేయన్నా, మేమట్లే చేసినాం, ఇప్పుడు గాలిలాగ పోతాంది" అన్నాడు. ఈ సలహా ఈ ఊర్లో చాలామంది నోట విన్నాను. నాకు మనసొప్పలేదు. ఆలస్యం ఎందుకవుతోందో తెలుసుకోకుండా తలుపు మూసేస్తే, రోగమేదో తెలియకుండా మందు మానేసినట్టే.

కారణం ఇదీ. విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబర్ 22న. సర్వీస్ ప్యాక్ 1 వచ్చింది 2011లో. ఆ తర్వాత అన్నిటినీ కలిపిన ప్యాక్ మరొకటి రాలేదు. వందల అప్‌డేట్లు విడివిడిగా పేరుకుపోయాయి. ఒకదాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది, దాన్ని మరొకటి. మన యంత్రానికి ఇప్పుడు ఏది కావాలో తేల్చాలంటే ఆ గొలుసంతా మొదటి నుంచి చివరి దాకా పోల్చి చూడాలి. ఆ లెక్క జరిగేది ఎక్కడో పెద్ద సర్వర్‌లో కాదు, మన బల్ల మీది చిన్న ప్రాసెసర్లోనే. నెలనెలా గొలుసు పెరుగుతుంది, లెక్క బరువెక్కుతుంది, పాత యంత్రం చతికిలబడుతుంది. నెట్ వేగం పెంచుకున్నా లాభం లేకపోవడానికి కారణం ఇదే. సమయం పోయేది దింపుకోవడంలో కాదు, వెతకడంలో.

2016 మే 22, ఆదివారం

ఈ వారం మంచి వార్త విన్నాను. సర్వీస్ ప్యాక్ 1 తర్వాత నుంచి ఈ ఏప్రిల్ వరకు వచ్చిన వాటిని దాదాపు అన్నిటినీ ఒకే మూటగా మే 17న విడుదల చేశారు. కేబీ 3125574 దాని నంబరు. దానికంటే ముందు కేబీ 3020369 వేసుకోవాలి. ఇది మామూలుగా వచ్చే అప్‌డేట్లలో రాదు, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే వెబ్‌సైటు నుంచి మనమే దింపుకోవాలి. ఆ కేటలాగ్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదు. నా 32 బిట్ యంత్రానికి దాని బరువు 300 ఎంబీ పైచిలుకు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దిగింది.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే మళ్ళీ "ఈ కంప్యూటర్‌లో అప్‌డేట్ల కోసం వెతుకుతోంది" అన్న చిన్న డబ్బా. పచ్చగీత ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెడుతూనే ఉంది. నెట్ తీగ పీకేసి, విండోస్ అప్‌డేట్ సర్వీసును ఆపి, వెంటనే మళ్ళీ నొక్కితే అప్పుడు ఎక్కింది. చేతిలో ఉన్న ఫైలును ఎక్కించడానికి కూడా అదే సర్వీసు కావాలి. అది వెతుకులాటలో మునిగి ఉంటే ఈ పని ముట్టుకోదు.

2016 జూన్ 15, బుధవారం

నిన్న మళ్ళీ రెండో మంగళవారం. ఈ పొద్దు మళ్ళీ అదే మందగింపు. మూట వేసుకున్నంత మాత్రాన వెతికే పద్ధతి మారలేదు. ఆ పనిముట్టే బాగుపడాలి.

మా అక్క కొడుకు, "మామా, దీన్ని అమ్మేసి కొత్తది కొనరాదా?" అన్నాడు. వాడికి లోపలేముందో చూపించాను. అది అర్థం కావాలంటే ఊరి కథ కొంత చెప్పాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. ఎల్లలు మారినా వియ్యాలు ఆగలేదు. అందుకే ఇక్కడ పత్రికకు ఒకవైపు కన్నడం, ఇంకొకవైపు తెలుగు. తెలుగును 'అను' ఫాంట్లలో, కన్నడాన్ని 'నుడి' సాఫ్ట్‌వేర్‌లో కొడతాను. యూనికోడ్ రాకముందు పద్ధతిలో చేసిన ఆ ఫైళ్ళను ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. పెళ్ళి పత్రికలు, నాటకాల కరపత్రాలు, కర్మంతరం కార్డులు, ఊరి దేవర చందా పుస్తకాలు, ఒకే ఇంటివి తాత నుంచి మనవడి దాకా ఇందులోనే ఉన్నాయి. నాటకమంటే నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు, నటుడు బళ్ళారి రాఘవల ఊరు ఇది. ఇక్కడ కరపత్రం చిత్తుకాగితం కాదు. కొత్త కంప్యూటర్ డబ్బిస్తే వస్తుంది. ఈ అక్షరాలను మార్చి, అచ్చుతప్పులు దిద్ది, కొత్తదానిలోకి తెచ్చే తీరిక డబ్బిచ్చినా రాదు. అది అయ్యేదాకా పాతదాన్ని ఆరోగ్యంగా నడపడం నా బాధ్యత.

2016 జూలై 24, ఆదివారం

గురువారం, అంటే 21న, కేబీ 3172605 వచ్చింది. ఇందులో అప్‌డేట్లు వెతికే పనిముట్టునే మెరుగుపరిచారు. ఈ రోజు కొట్టు మూసి ఉంచి ఈ పనే పెట్టుకున్నాను. పనికొస్తుందని వరుస రాసి పెడుతున్నాను.

కంట్రోల్ ప్యానెల్‌లో అప్‌డేట్లు ఎప్పుడూ వెతకవద్దని పెట్టి, యంత్రాన్ని తిరిగి ఆన్ చేయాలి. కేబీ 3020369 లేకపోతే ముందు అది వేయాలి. తర్వాత నెట్ తీగ తీసి 3172605 వేయాలి. మళ్ళీ ఆన్ చేసి, పది నిమిషాలు ముట్టుకోకుండా వదలాలి. అప్పుడు నెట్ కలిపి వెతకమనాలి.

టీ తెచ్చుకుని కూర్చున్నాను. గ్లాసు ఖాళీ కాకముందే జాబితా తెర మీదికి వచ్చింది. పూటలు పూటలు తినేసిన పని! పక్కనే పేజ్‌మేకర్ తెరిచి ఒక పేరా కొట్టాను, అక్షరం వెంట అక్షరం పడింది. ఎంత సంతోషమైందో. చివరగా మొదట మార్చిన సెట్టింగును తిరిగి ఆటోమేటిక్‌కు పెట్టాను. చాలామంది మరిచిపోయేది ఈ ఆఖరి మెట్టే. అది మరిస్తే చేసిందంతా వృథా.

2016 అక్టోబర్ 12, బుధవారం

నిన్నటి నుంచి విండోస్ 7కు కూడా నెలకొక రోలప్. ప్రతి నెల మూటలో వెనకటి నెలలవి కూడా ఉంటాయి. విడివిడిగా ఎంచుకునే వీలు పోయిందని కొందరు నొచ్చుకుంటున్నారు. పాత యంత్రానికి మాత్రం ఇది మేలు. గొలుసు పొట్టిదైంది, ఒక నెల తప్పినా మరుసటి నెలది వేస్తే సరిపోతుంది.

2017 మే 14, ఆదివారం

మొన్న శుక్రవారం నుంచి ప్రపంచమంతా వానాక్రై గొడవ. యంత్రంలోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, విడిపించాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంటుంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మనకు దగ్గర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం లాంటి జిల్లాల్లో దెబ్బతిన్నాయి.

వానాక్రై దూరిన సందును మూసే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. అది కూడా రెండో మంగళవారమే. మధ్యలో రెండు నెలల గడువుంది. నా యంత్రంలో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల పట్టీ తీశాను. మార్చి రోలప్, కేబీ 4012215, ఉంది. ఆ వరుసను వేలితో తడిమి చూసుకున్నాను.

సాయంత్రం జీన్స్ షెడ్డుకు వెళ్ళాను. అప్‌డేట్లు ఆపేసిన ఆ యంత్రంలో కూలీల లెక్కలు, ముంబై బాకీలు అన్నీ ఉన్నాయి. దెబ్బ తగల్లేదు గాని ఏ కాపలా లేకుండా ఉంది. ముందు నెట్ తీసేశాం. లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. తర్వాత నా దగ్గరున్న ఫైళ్ళు ఆ వరుసలోనే వేశాం. తమ్ముడు తెర నుంచి కళ్ళు తిప్పలేదు. "ఇంత తొందరగా అయితాదని తెలిసుంటే ఆఫ్ చేసేవాళ్ళమే కాదన్నా" అన్నాడు. అదే నిజం. ఎవరూ మొండితనంతో ఆపుకోలేదు. రోజు కూలి మీద నడిచే చోట యంత్రం పూటంతా నిలిచిపోతే భరించలేక ఆపుకున్నారు. దారి ఉందని వాళ్ళ భాషలో చెప్పినవాడు లేడు.

2017 మే 21, ఆదివారం

వానాక్రైకి దెబ్బతిన్న వాటిలో నూటికి 98 విండోస్ 7 యంత్రాలేనని కాస్పర్‌స్కీ వాళ్ళ లెక్క. అందరూ ఎక్స్‌పీని తిడుతున్నారు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే కాలం తీరింది. విండోస్ 7 అలా కాదు, దానికింకా మందు అందుతూనే ఉంది. అందిన మందు వేసుకోని యంత్రాలివి. బ్రూస్‌పేటలో తెలిసిన కొట్లన్నీ తిరిగి, అప్‌డేట్లు వేసే ఆ వరుసను ఒక కాగితం మీద ఒకవైపు తెలుగులో, ఇంకొకవైపు కన్నడంలో కొట్టి పంచాను.

2020 జనవరి 14, మంగళవారం

ఈ రోజు భోగి. విండోస్ 7కు ఉచిత అప్‌డేట్లు ఈ రోజుతో ఆఖరు. చివరి రోలప్ వేసి నెట్ తీగను శాశ్వతంగా తీసేస్తాను. నెట్ పనులకు వేరే యంత్రం కొన్నాను. ఇక దీనిలో పాత ఫైళ్ళు తెరవడం, యూనికోడ్‌లోకి మార్చడం, పీడీఎఫ్ చేయడం మాత్రమే.

మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే కావాలని ఒక సంగతి రాసి పెడుతున్నాను. నిరుటి నుంచి అప్‌డేట్ల సంతకం ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతికి మారింది. కేబీ 4490628, కేబీ 4474419 ముందుగా వేయకపోతే కొత్తవేవీ ఎక్కవు. ఆ రెండూ సీడీలో రాసి కవరు మీద పేరు వేశాను.

2025 అక్టోబర్ 15, బుధవారం

నిన్నటితో విండోస్ 10 వంతు కూడా అయిపోయింది. అదనపు అప్‌డేట్ల పథకంలో చేరినవారికి 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. పొద్దుటి నుంచి కొట్టుకు వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే: పారేయాలా, ఉంచుకోవాలా?

ఇప్పుడు కొట్టు నడుపుతున్నది మా అక్క కొడుకే. వాడికీ, వచ్చినవాళ్ళకీ నేను చెప్పేది ఇదే. అప్‌డేట్ నిదానంగా ఉందని దాన్ని ఆపేయకండి, ఎందుకు నిదానమో కనుక్కోండి. ఆ పనిని రాత్రికి పెట్టుకోండి, గిరాకీ ఉన్న పూట పెట్టుకోవద్దు. విలువైన ఫైళ్ళకు రెండు నకళ్ళు ఉంచండి, వాటిలో ఒకటి ఆ యంత్రం బయట ఉండాలి. అప్‌డేట్లు ఆగిపోయిన రోజున యంత్రాన్ని పారేయనక్కర్లేదు, నెట్ నుంచి మాత్రం తప్పించండి. మీకు తెలిసినంత పక్క కొట్టువాడికి అతని భాషలో చెప్పండి.