పూతరేకులు

పూతరేకులను తిననివారు మన గోదావరిసీమలో అరుదు. వానిని తీయుట కన్నులార చూచినవారు కొలదిమందియే. ఆత్రేయపురమున కుండను బోర్లించి, క్రింద ఎండుకొబ్బరాకుల మంట పెట్టుదురు. బియ్యపుపిండిని పలుచగా కలిపి, అందు తడిపిన గుడ్డను వేడికుండపై నొకమారు లాగుదురు. రెప్పపాటున రేకు విడివడును. పిండి చిక్కనైనచో రేకు మందమగును. మరీ పలుచనైనచో చిరిగిపోవును. ఆ పదును చేతికే తెలియును. తరువాత నేయి రాచి, బెల్లపుపొడి చల్లి మడుచుట సులువైన పనియే. (చక్కెరతో చేసినవి నాకు రుచింపవు.)

2023లో ఈ రేకులకు భౌగోళిక గుర్తింపు లభించెను. సంతసమే! కాని మంటయొద్ద కూర్చుండు స్త్రీకి రేకునకెంత ముట్టుచున్నదో, బేరమాడు మనము ఒకమారైన నడుగుచున్నామా? నేనిప్పుడు అంగడిలో నడుగుచున్నాను. కొందఱు చెప్పుదురు, కొందఱు నవ్వి, పెట్టె కట్టి యిత్తురు.