మొదటి వాక్యం

ఉద్యోగరీత్యా సూరత్ జిల్లా పల్సానాలో ఉన్న రోజులలో, ఒకనాటి సాయంత్రం మరమ్మతు నిమిత్తం గొట్టపు మార్గంలోని గ్యాస్‌ను బయటకు వదలవలసి వచ్చింది. ఆ హోరు పరిసరాలన్నిటా వినిపించింది. పత్రికా ప్రకటన రాసే బాధ్యత మాపై పడింది. పీడనం, వాల్వులు, భద్రతా ప్రమాణాలు అన్నీ వివరించాము. "ప్రమాదం లేదు" అన్న మాట చివరి పేరాలో పడింది.

అది పైవారి సంతకాలు ముగించుకొని వెలువడేలోగా, "గ్యాస్ లీకైంది, పారిపోండి" అన్న వాట్సాప్ సందేశం మిల్లులలో పనిచేసే మన తెలుగువారిని చేరిపోయింది. చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చిన ఒక తల్లి మా గుమ్మంలో నిలిచి, "సారూ, ఉండాల్నా, పోవాల్నా?" అని అడిగింది. మా ప్రకటనలో ఆమెకు కావలసిన జవాబు అట్టడుగున ఉన్నది. ఆ రాత్రి కొందరు మూటాముల్లె సర్దుకొని బస్సెక్కారు.

సూరత్‌కు ఇటువంటి భయం కొత్తది కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త వినగానే లక్షలాది మంది నగరం విడిచారు. సకాలంలో టెట్రాసైక్లిన్ వంటి మందు వాడితే నయమయ్యే వ్యాధి అది. నాడు రైలెక్కి ప్రయాణించిన వదంతి నేడు క్షణంలో ఫోనెక్కుతున్నది.

అందుచేత ప్రమాదమున్నదా, ప్రజలేమి చేయాలి అన్నవి ఇప్పుడు మొదటి వాక్యంలోనే రాస్తున్నాము. సందేశం చేతులు మారుతూ మరునాడు కూడా తిరుగుతుంది కనుక తేదీ, సమయం అందులోనే చేరుస్తున్నాము. ఇంకా తేలని విషయాన్ని తేలలేదనే చెబుతున్నాము. గుజరాతీతోపాటు హిందీ, తెలుగు ప్రతులు సిద్ధం చేస్తున్నాము.

కలం పట్టిన ప్రతిసారీ ఆ తల్లి మా గుమ్మంలో నిలిచే ఉంటుంది.