పట్టా మీద కాలిన మచ్చ

అరవ బళ్లో చదివినవాళ్లము, తప్పులుంటే మన్నించండి.

ఎత్తులో గూడ్సు ఇంజను కదలక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగితే, పట్టా పైపొర క్షణంలో కాగిపోతుంది. కింది చల్లని ఉక్కు ఆ వేడిని వెంటనే లాగేస్తుంది. కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచినట్టే! పొర గట్టిపడి పెళుసౌతుంది, చీలిక అక్కడే మొదలౌతుంది. ఫ్రాన్సులో ట్రెస్కా ప్లాటినం కడ్డీని ఆవిరి సుత్తితో కొట్టిస్తే, ఎక్స్ ఆకారంలో గీతలు మెరిసినాయంట. దెబ్బ వేగానికి వేడి పక్కకు పోలేదు, జారిన చోటే నిలిచింది.

అలాంటి మచ్చ గురించి గ్యాంగ్‌మన్ తమ్ముడొకడు చీటీ తెచ్చినాడు. ఆఫీసులో ముగ్గురం గుమాస్తాలం, "రేపు పంపుదాం" అని ఫైలు కింద పెట్టినాము. మూడో రోజు పట్టా విరిగింది. ఎర్రజెండా పట్టుకొని పరుగెత్తి బండి ఆపింది ఆ తమ్ముడే. సాయంత్రం వచ్చి, "అన్నా, టీ తాగుదాం రండి" అన్నాడు. చీటీ మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.