మనం అంటే ఎవరెవరు?

“మనం మళ్లీ ఓడిపోతాంలే” అంది మా ఇంటావిడ, ఆట ఇంకా మొదలు కాకముందే. అది 2016 అక్టోబర్ 1, శనివారం మధ్యాహ్నం. మెల్‌బోర్న్‌కి పడమటి వైపున్న ఫుట్స్‌క్రేలో ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకుని పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆవిడకి డెబ్బై దాటాయి. మెడ చుట్టూ ఎరుపు, తెలుపు, నీలం చారల ఉన్ని మఫ్లర్. టీవీలో ఎంసీజీ మైదానం, దాదాపు లక్షమంది జనం.

ఆవిడ అన్నది ఇంగ్లీషులో ‘వియ్’ అని. నా మనసు దాన్ని ‘మనం’ చేసుకుంది. ‘మేం’ అని ఎందుకు అనుకోలేదో తెలియదు. మన భాషలో ఈ రెండూ ఒకటి కావు. ‘మేం’ అంటే వింటున్న మనిషి గుమ్మం బయటే ఉంటుంది. ‘మనం’ అంటే లోపలికి రమ్మన్నట్టు. ఇంగ్లీషుకి ఆ పట్టింపు లేదు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అభిమానుల్ని తలుచుకున్నప్పుడల్లా నన్ను వేధించేది ఈ తేడానే.

దీని మూలం మా వంటింట్లో ఉందనుకుంటాను. 2003 ప్రపంచకప్ ఫైనల్ రోజున ఖమ్మంలో మా ముందు గది నిండా నాన్న స్నేహితులు. అమ్మ వంటింట్లో బజ్జీలు వేస్తూ, వాయి వాయికీ “మనవాళ్లు ఎంత కొట్టారే?” అని నన్ను అడిగేది. టీవీ ముందు ఆవిడకి కుర్చీ లేదు గానీ మనవాళ్లలో మాత్రం ఆవిడా ఉంది. పెద్దయ్యాక స్త్రీవాదం చదువుకుని ఆ ‘మనవాళ్ల’ని బాగానే విమర్శించాను. ఆటంటే మగవాళ్ల పండగ, ఆడవాళ్ల చాకిరీ అని తేల్చేశాను. అదే తీర్పుని పెట్టెలో సర్దుకుని మెల్‌బోర్న్ వెళ్లాను.

అక్కడి ఆట నా తీర్పుకి సులువుగా లొంగలేదు. నిబంధనలు 1859లో మెల్‌బోర్న్‌లోనే రాశారు. కోడిగుడ్డు ఆకారపు మైదానం, అలాంటిదే బంతి, జట్టుకి పద్ధెనిమిది మంది. మధ్య స్తంభాల నడుమ నుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి కాస్త తప్పి పక్క స్తంభం లోపలినుంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. ఇక చూసేవాళ్లలో మొదటినుంచీ ఆడవాళ్లున్నారు. పందొమ్మిదో శతాబ్దపు పత్రికలు వాళ్ల కేకల మీద ఫిర్యాదులు రాశాయి. మా ఇంటావిడ కూడా ఆ కేకల వారసురాలే. వాళ్ల క్లబ్బు, అంటే 1996 దాకా ఫుట్స్‌క్రే పేరుతో ఆడిన వెస్టర్న్ బుల్డాగ్స్, ఒక్కసారే కప్పు గెలిచింది, 1954లో. పదేళ్ల పిల్లగా నాన్న చేయి పట్టుకుని ఆ ఫైనల్ చూసిందట. తర్వాత 1961లో ఫైనల్ చేరి ఓడిపోయారు. ఆ పైన ఎదురుచూపే.

1989లో ఆ ఎదురుచూపు కూడా పోబోయింది. క్లబ్బు అప్పుల్లో ఉందని లీగ్ పెద్దలు దాన్ని ఫిట్జ్‌రాయ్ క్లబ్బుతో కలిపేయడానికి సిద్ధమయ్యారు. దాని మీద కోర్టుకెళ్లింది ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే అభిమాని. ఆమె ఆటగాడూ కాదు, డైరెక్టరూ కాదు. కోర్టు ఇప్పించిన కొద్దిపాటి గడువులోనే ఆ కార్మిక వాడ జనం అప్పు తీర్చే డబ్బు పోగుచేశారు. మా ఇంటావిడ కూడా డబ్బా పట్టుకుని బజారంతా తిరిగిందట. “మా ఆయన నామోషీ పడ్డాడు. నేను పడలేదు” అని చెప్పింది. ఆడడానికి చోటులేని ఆడవాళ్లు, ఆడేవాళ్లకి మైదానం మిగిల్చారు. మా అమ్మ బజ్జీల్ని చాకిరీ అన్నాను సరే, మరి ఈ డబ్బాని ఏమనాలి? చాకిరీయే, కానీ చాకిరీ మాత్రమే కాదు. అది హక్కు కూడా.

ఆ రోజు బుల్డాగ్స్ గెలిచారు, 89-67. అరవై రెండేళ్ల తర్వాత. మోకాలి గాయంతో ఆడలేకపోయిన కెప్టెన్ బాబ్ మర్ఫీని కోచ్ వేదిక మీదికి పిలిచి, తన పతకం తీసి అతని మెడలో వేశాడు. అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చున్న మా ఇంటావిడ అప్పుడు ఏడ్చింది. ఆడని మనిషికీ గెలుపులో వాటా ఉందని ఎవరో ఒకరు అందరి ముందూ ఒప్పుకున్నందుకేమో.

కానీ ఆ సాయంత్రమే ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. ఓడిన జట్టు సిడ్నీ. ఆదివాసీ ఆటగాడు ఆడమ్ గూడ్స్ అంతకుముందు ఏడాదిదాకా అందులోనే ఆడాడు. 2013లో పదమూడేళ్ల పిల్ల ఒకతి స్టాండ్లలోంచి అతన్ని కోతితో పోల్చి తిట్టింది. ఆ పిల్లని నిందించొద్దని అతనే అడిగాడు. 2015లో మైదానం తర్వాత మైదానం అతన్ని వెక్కిరిస్తూ అరిచింది. ఆ ఏడాదే అతను ఆట వదిలేశాడు. లీగ్ క్షమాపణ చెప్పింది 2019లో. “ఒక మ్యాచ్‌లో నా పక్కవాళ్లు అలా అరిచారు. నేను అరవలేదు. కానీ ఆపమనీ అనలేదు” అంది ఇంటావిడ, మఫ్లర్ మడతపెడుతూ. ఏమనాలో నాకు తెలియలేదు. మనం అని పిలిచే గొంతులే ‘నువ్వు కాదు’ అని కూడా అనగలవు. ఆ గొంతుల మధ్య నల్లని ఒంటితో కూర్చోవాల్సి వస్తే, ఆ పిలుపు ఎంతసేపు నిలుస్తుందోనన్న లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది. మన ఊళ్లలోనూ మనం అనే మాటకి కులం గుమ్మాలున్నాయని నాకు తెలియనిది కాదు.

2017 ఫిబ్రవరిలో ఆడవాళ్ల జాతీయ లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్‌కి 24,568 మంది వచ్చి, గేట్లు మూసేయాల్సి వచ్చింది. మగవాళ్ల ఫైనల్స్ వారాల తరబడి సాగుతాయి. ఆడవాళ్లకి ఆ ఏడు జట్టుకి ఏడు మ్యాచ్‌లు, ఆపైన ఒక్క ఫైనల్, అంతే. చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే ఆడారు. మర్నాడు విటెన్ ఓవల్‌లో బుల్డాగ్స్ అమ్మాయిల మ్యాచ్‌కి ఇద్దరం వెళ్లాం. ఇంటావిడ ఎప్పట్లా కేకలు పెట్టలేదు. బంతి కోసం ఎగిరే ఆ అమ్మాయిల్ని ఊరికే చూస్తూ కూర్చుంది. “నాన్న నాకు చూడ్డం నేర్పాడు. ఆడతావా అని అడగాలని తోచలేదు ఆయనకి. అడగమని నాకూ తోచలేదు” అంది.

తిరిగొస్తుంటే మా వీధిలో పిల్లలు తన్నిన బంతి ఆవిడ కాళ్ల దగ్గరికి దొర్లింది. చేతిసంచి నాకిచ్చి, బంతి తీసుకుని, రెండు చెట్ల నడుమకి గురిచూసి తన్నింది. బంతి పక్కకి పోయింది.

“ఒక పాయింటు” అన్నాను.

“ఎవరికీ?” అంది ఎగశ్వాసతో.

ఆవిడకి తెలుగు రాదు. అయినా తెలుగులోనే అన్నాను, “మనకి” అని.