మసీదు కోసం కోటనిచ్చేశాడు!

మంత్రాలయం వెళ్లే భక్తుల్లో ఎక్కువమంది రైలు కిటికీలోంచి చూసి వదిలేసే ఊరు ఆదోని. నిజానికి ఆ మంత్రాలయం కథ మొదలైంది ఇక్కడి నవాబు దర్బారులోనే. కొండలమీద కోట, కొండకింద మసీదు, చుట్టూ పత్తి బేళ్లు... ఒక్కసారి దిగి చూస్తే మూడు శతాబ్దాల దక్కను చరిత్ర కళ్లముందు నిలుస్తుంది.

హొళగుందలో బస్సెక్కి ఆదోని వైపు బయల్దేరితే దారి పొడుగునా నల్లరేగడి చేలే. బస్సులో ఒకరు తెలుగులో అడుగుతారు, పక్కవాళ్లు కన్నడంలో జవాబిస్తారు. ఎవరికీ అది వింతగా ఉండదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి మరి! కాసేపటికి ఎవరో గుండ్లు పోగుపెట్టినట్టు బోడికొండలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ గుండ్ల మధ్య గోడలు, బురుజులు బయటపడతాయి. అదే ఆదోని కోట.

అయిదు కొండల కోట

ఒకప్పటి యాదవగిరి, ఆదవాని. అయిదు కొండలను కలుపుకుని కట్టిన ఈ దుర్గంలో బారాకిల్లా, తాలిబండ అన్నిటికన్నా ఎత్తయినవి. మైదానం నుంచి దాదాపు 800 అడుగులు. విజయనగర రాజులకు ఇది కంచుకోట. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలిపోయింది. మూడేళ్లకు, అంటే 1568లో, ఆదోని బిజాపూర్ ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది.

ఈ ఆదిల్‌షాహీలకూ టర్కీకీ ముడిపెట్టే కథ ఒకటుంది. వంశస్థాపకుడు యూసుఫ్ ఆదిల్‌ఖాన్ ఒట్టోమాన్ సుల్తాను రెండో మురాద్ కొడుకనీ, పసితనంలో ప్రాణభయంతో రహస్యంగా దాటించారనీ ఫెరిష్తా రాశాడు. చరిత్రకారుల్లో చాలామంది దీన్ని నమ్మరు. కానీ దక్కను సుల్తానుల కొలువుల్లో తురుష్కులకు చోటున్న మాట నిజం. బిజాపూర్‌లో నేటికీ చూడదగ్గ మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని 1549లో పోతపోసింది టర్కీ నిపుణుడే.

ఆదోనిని ఏలినవాళ్లు మాత్రం అంతకన్నా విచిత్రమైన దారిన వచ్చారు. ఆఫ్రికాలోని అబిసీనియా మూలాలున్న హబ్షీలు వీళ్లు. వారిలో మాలిక్ రహమాన్‌ఖాన్ 39 ఏళ్లు పాలించాడు. ఆయన సమాధి తాలిబండ కొండమీద ఉంది.

నవాబు, స్వామి

రహమాన్‌ఖాన్ తర్వాతి కాలంలో, 1662లో వచ్చినవాడు సిద్ది మసూద్‌ఖాన్. మంత్రాలయం భక్తులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. రాఘవేంద్రస్వామిని పరీక్షించాలని పళ్లెంలో మాంసం పెట్టి, పైన గుడ్డ కప్పి తెచ్చాడనీ, స్వామి నీళ్లు చిలకరించగానే అవి పూలూ పండ్లూ అయ్యాయనీ భక్తుల నమ్మకం. సారవంతమైన ఊళ్లు ఇస్తానన్నా వద్దని, స్వామి తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామాన్నే అడిగి తీసుకున్నారట. అదే ఈనాటి మంత్రాలయం. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసింది అక్కడే.

మసూద్‌ఖాన్ ఊళ్లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ప్రార్థనలతో కళకళలాడుతోంది. రాయిని అంత ఒద్దికగా మలిచిన కట్టడం ఈ చుట్టుపక్కల మరొకటి లేదంటారు. ఆ నవాబుకు ఇది ప్రాణం. ఎంత ప్రాణమో 1688లో తేలింది. బిజాపూర్ అప్పటికే ఔరంగజేబు వశమైంది. మొగలు సేనాని ఫిరోజ్‌జంగ్ (హైదరాబాద్ మొదటి నిజాంకు తండ్రి) ఆదోనిని ముట్టడించాడు. కోట లొంగలేదు. చివరికి ఫిరంగులను మసీదు వైపు తిప్పించాడనీ, ఆ గోడలు కూలడం చూడలేక మసూద్‌ఖాన్ కోట తలుపులు తెరిచాడనీ చెప్పుకుంటారు. కోట పోయింది. మసీదు మిగిలింది.

దాని తర్వాత కోట సుఖపడింది లేదు. నిజాం అలీ తమ్ముడు బసాలత్‌జంగ్ దీన్ని తన రాజధాని చేసుకున్నాడు. 1786లో టిప్పు సుల్తాన్ నెలరోజులు ముట్టడించి పట్టుకున్నాడు. మళ్లీ శత్రువుకు పనికి రాకూడదని గోడలు పడగొట్టించాడు. 1800లో దత్తమండలాలతోపాటు ఆదోని ఇంగ్లీషువాళ్ల పాలైంది. ఇప్పుడు కొండెక్కితే కనిపించేవి ఆ పడగొట్టగా మిగిలిన గోడలే.

కొండకింద ఊరు

కోట చూసి దిగాక బజారులో నడవాలి. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, పత్తి మార్కెట్‌యార్డు... వ్యాపారం జోరు చూసి దీన్ని ‘రెండో బొంబాయి’ అని ముద్దుగా పిలుచుకున్నారు. రణమండల కొండమీద ఆంజనేయుడి గుడి ఉంది. ఆ గుడీ కొండకింది మసీదూ ఒకే చూపులో కలిసిపోతాయి.

దసరాకు వస్తే హొళగుంద మండలంలోనే దేవరగట్టు ఉంది. మణి, మల్లాసురులనే రాక్షసులను శివుడు సంహరించాడని చెప్పే కొండమీద మాళ మల్లేశ్వరస్వామి కొలువయ్యాడు. విజయదశమి రాత్రి ఉత్సవమూర్తుల కోసం బన్ని పేరుతో కర్రల సమరం సాగుతుంది. ఒకపక్క నెరణికి, నెరణికితండా, కొత్తపేట జనం. ఇంకోపక్క చుట్టుపక్కల పల్లెలు. ఏటా తలలు పగులుతాయి. పోలీసులు ఎంత నచ్చజెప్పినా ఇది తమ మొక్కంటారు ఊళ్లవాళ్లు. చూడాలనుకునేవాళ్లు దూరంగా ఉండటమే క్షేమం.

దేవుడి కోసం కర్రలెత్తే నేల ఇదే. దేవుడి ఇంటి కోసం ఆయుధం దించిన మనిషిని గుర్తుపెట్టుకున్న నేలా ఇదే.

ఎలా వెళ్లాలి?

ముంబయి-చెన్నై రైలుమార్గంలో గుంతకల్లు, రాయచూరు మధ్య ఆదోని స్టేషను ఉంది. కర్నూలు నుంచి రోడ్డుమీద సుమారు 100 కిలోమీటర్లు. మంత్రాలయం నుంచీ బస్సులున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండాకాలంలో బండలు నిప్పులు కక్కుతాయి. ఎప్పుడెళ్లినా తెల్లవారుజామునే కొండెక్కండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి.